జేబులో రెండు నల్ల ముక్కలు

రాత్రి పదకొండున్నర. కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా గీతలే. కొబ్బరినూనె రాసి, శనగపిండితో రుద్ది, సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో నలుపు అలాగే ఉంది. బండి బాగయింది. డాష్‌బోర్డు మీద ఎర్రలైటు ఆరిపోయింది. హాయిగా పడుకోవచ్చు. నిద్ర మాత్రం రావట్లేదు.

మా ఇంట్లో పాత తెల్ల కారొకటి ఉంది. గురువారం నుంచి బ్యాటరీ బొమ్మ వెలుగుతోంది. నిన్న సెల్ఫ్ కొడితే ‘టక్’ మని ఊరుకుంది. బ్యాటరీకి మీటరు పెట్టి చూస్తే 11.9 వోల్టులు. తోసి స్టార్ట్ చేశాక 11.7. ఇంజను నడుస్తున్నప్పుడు 14 దరిదాపుల్లో ఉండాలి. అంటే డైనమో నుంచి బ్యాటరీకి ఏమీ రావట్లేదన్నమాట. (ఆల్టర్నేటర్ అనాలని తెలుసు. మా రాజోలు వైపు డైనమో అనే అంటారు, నేనూ అదే అంటాను.)

నాన్న అరుగు మీద కూర్చుని పేపరు మడుస్తూ, “బ్రష్‌లు అరిగిపోయుంటాయిరా, చూడు” అన్నారు.

“ఇరవై ఏళ్ళ బండి నాన్నా. మొత్తం పోయుంటుంది. నువ్వూరుకో” అన్నాను. ఆ ‘నువ్వూరుకో’ కొంచెం గట్టిగానే వచ్చింది. దాని గురించి తర్వాత.

ముందు బావ గురించి. అక్కావాళ్ళు నిన్న రాజమండ్రి నుంచి వచ్చారు. ఆదివారం పొద్దున్నే నేను పానాల సంచీ దించేసరికి బావ కాఫీ గ్లాసుతో హాజరు. మొదటి సలహా, “ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకెయ్ బావా. ఆగిపోతే డైనమో పోయినట్టే.” పాతకాలం బళ్ళకి అలా చేసేవారట. ఈ బళ్ళల్లో నడుస్తుండగా బ్యాటరీ పీకితే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డైనమో లోపలి డయోడ్లు పోవచ్చు, ఇంజను కంప్యూటర్ కూడా పోవచ్చు. చెప్పాను. విన్నట్టు తల ఊపాడు. పది నిమిషాలాగి అదే మాట మా ఆవిడకి చెప్తున్నాడు.

రెండో సలహా వీడియో. ఎవరో దొరబాబు, నేల మీద భోంచెయ్యొచ్చు అన్నంత శుభ్రమైన షెడ్డులో, ఇరవై నిమిషాల్లో డైనమో మార్చేశాడు. “చూడు బావా, ఎంత సింపుల్‌గా తీశాడో.” ఆ ఇంజనుకి అది ముందు వైపు, పైన, కాఫీ గ్లాసు పెట్టుకున్నట్టు ఉంటుంది. మనదానికి ఇంజను వెనకాల, అడుగున, లోపలి గోడకి ఆనుకుని ఉంది. పైనుంచి చూస్తే కనపడదు. కింద పడుకుని చూస్తే యాక్సిల్ అడ్డం. కుడివైపు ముందు చక్రం ఊడదీసి, లోపల ప్లాస్టిక్ రేకు తప్పిస్తే ఒక కన్నం దొరుకుతుంది. అందులోంచి చెయ్యి పెట్టాలి. చెయ్యి పెడితే చూపుకి దారి ఉండదు, చూస్తే చేతికి ఉండదు. దాన్ని అక్కడ పెట్టిన ఇంజినీరు పెళ్ళి రోజున వంటవాళ్ళు ఎగ్గొట్టాలని మనసారా కోరుకున్నాను.

జాకీ ఎత్తి, అడుగున కొబ్బరిదుంగ పెట్టాను. ఊడదీసిన చక్రాన్ని కూడా పడుకోబెట్టి బండి కిందికి తోశాను. దుంగ జారినా చక్రం మీద ఆగుతుంది. డైనమో వెనక లావు వైరు నట్టుకి పానా తగిలించబోతుంటే అరుగు మీంచి నాన్న, “బ్యాటరీ మైనస్ తీశావా?”

తియ్యలేదు. ఆ లావు వైరు బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా వస్తుంది, మధ్యలో స్విచ్చి లేదు. పానా ఒక కొస నట్టు మీద, రెండో కొస బాడీకి తగిలితే వెల్డింగే. నెమ్మదిగా లేచి వెళ్ళి మైనస్ ఊడదీసి, “ఎప్పుడో తీశాను” అన్నాను. ఇవాళ్టికి ఇది మొదటిది. లెక్క పెట్టుకోండి.

పై బోల్టు తేలిగ్గానే వచ్చింది, బెల్టు వదులైంది. కింది బోల్టు రాలేదు. మా ఊళ్ళో ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలే నిలవవు, ఇరవై ఏళ్ళు రోడ్డు మీద నీళ్ళు తాగిన బోల్టు మాట చెప్పేదేముంది. స్ప్రే కొట్టి అరగంట ఆగాను. మళ్ళీ కొట్టాను. బావని టార్చి పట్టుకోమన్నాను. టార్చి పట్టుకోవడం ఒక విద్య అండి, అందరికీ రాదు. బావ తను ఎటు చూస్తే అటు వెలుగు తిప్పుతాడు. పిట్ట అరిస్తే చెట్టు మీదకి, ఫోను మోగితే జేబు మీదకి. “లైటు నా చేతి మీద వెయ్యి బావా, నా మొహం మీద కాదు” అని అరిచేశాను. అరిచాక ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది.

విన్నాను. నాకు పదకొండేళ్ళప్పుడు.

1996 నవంబరు 6 తుఫాను మా వాళ్ళెవరూ తేదీ మర్చిపోరు. అది వెళ్ళిన మూడు వారాలకి నాన్నా నేనూ ఇంటి పైకప్పుకి రేకులు తేవడానికి డీజిల్ జీపులో నరసాపురం వెళ్ళాం. అప్పటికి గోదావరి మీద చించినాడ వంతెన లేదు. పంటు (బళ్ళని ఏరు దాటించే పడవ) మీద వెళ్ళి, పంటు మీదే రావడం. సఖినేటిపల్లి రేవులో దిగేసరికి రాత్రి ఎనిమిది దాటింది. హెడ్‌లైట్లు ముందు పసుపురంగుకి, తర్వాత దీపం వత్తిలా ఎర్రగా మారిపోయాయి. ఇంజను మాత్రం శుభ్రంగా నడుస్తోంది. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గులుండవు కాబట్టి కరెంటుతో పనిలేదు. కానీ ఊళ్ళకి ఊళ్ళే చీకటి. మా ఊరికి ఇంకా కరెంటు రాలేదు. రోడ్డు పక్కన కొబ్బరిచెట్లు ఎక్కడ పడ్డవి అక్కడే. లైటు లేకుండా పోతే కాలవలోకే.

నాన్న బానెట్ ఎత్తారు. ఆ జీపుకి డైనమో కళ్ళ ముందే ఉండేది. వెనక నాలుగు స్క్రూలు విప్పితే బ్రష్‌లు చేతికొచ్చాయి. ఒకటి ఎలాగో ఉంది, రెండోది అరిగి మినప్పప్పు బద్దంత అయింది. లోపల తిరిగే తీగచుట్టకి కరెంటు అందించేవి ఆ రెండు కార్బన్ ముక్కలే. వెనక స్ప్రింగు నెడుతుంటే రింగుల మీద రాసుకుంటూ అరుగుతాయి. రింగుని అందుకోలేనంత అరిగాక డైనమో ఎంత తిరిగినా ఒకటే.

అప్పుడే నా చేతిలో మూడు బ్యాటరీల టార్చి. “లైటు నా చేతి మీద వెయ్యరా, మొహం మీద కాదు.” ఆ తర్వాత టార్చి లాక్కుని, మూత తిప్పి, ఒక బ్యాటరీ తీసి రాయితో పగలగొట్టారు. మధ్యలో నల్ల కడ్డీ ఉంటుంది చూడండి, అది తీశారు. “నాన్నా, టార్చి!” అని ఏడ్చినంత పనిచేశాను. టీ కొట్టు లాంతరు కింద, రేవు సిమెంటు మెట్టు మీద ఆ కడ్డీని గీకుతూ కూర్చున్నారు. గీకి, పాత బ్రష్‌ది చూసి, మళ్ళీ గీకి. మెట్టు మీద నల్లటి చార పడింది. నా నిక్కరు మీదా పడింది. గుండ్రటి కడ్డీ నలుపలకలైంది. పాత బ్రష్ తీగ దానికి చుట్టి లోపల కూర్చోబెట్టారు. నలుగురు తోస్తే జీపు కదిలింది. కాసేపటికి లైట్లు తెల్లబడ్డాయి. నాన్న ఇంకేమీ అనలేదు, “టార్చికి రేపు బ్యాటరీ కొందాంలే” అని మాత్రం అన్నారు. మూడు రోజులు నడిచింది అది.

సరే, ఇవాళ్టికి వద్దాం. కింది బోల్టు పన్నెండున్నరకి ‘క్రీచ్’ మని కదిలింది. వైరు ప్లగ్గు తీస్తుంటే ప్లాస్టిక్ నాలిక విరిగింది. డైనమో ఊడింది కానీ కన్నంలోంచి రాదు. అటు తిప్పినా, ఇటు తిప్పినా ఎక్కడో తట్టుకుంటోంది. నాన్న అరుగు దిగి వచ్చి, ఒంగుని, “దూడ అడ్డం తిరిగినట్టుంది. ముందు లోపలికి నెట్టు. అప్పుడు తిప్పు” అన్నారు. నెట్టి తిప్పితే వచ్చేసింది. థ్యాంక్స్ చెప్పలేదు. ఇంట్లోవాళ్ళకి ఎవరు చెప్తారు?

బావ మోటారు సైకిలు మీద వెనక కూర్చుని, ఒళ్ళో డైనమో పెట్టుకుని బజారుకి వెళ్ళాను. ఆదివారమైనా ఆటో ఎలక్ట్రీషియన్ పెద్దాయన కొట్టు తీసి ఉంది. “డైనమో మార్చాలండి” అన్నాను. పాతది ఇస్తే రీకండిషన్‌ది 3,800 అన్నాడు. ఇచ్చేశాను. డబ్బు గల్లాపెట్టెలో వేసుకున్నాక, తీరుబడిగా పాతదాని వెనక విప్పి, రెండు నల్ల ముక్కలు నా అరచేతిలో పెట్టాడు.

“బ్రష్‌లేనండి. ఆయ్.”

“ముందే చూసి చెప్పొచ్చు కదండీ?”

“మీరు మార్చాలన్నారండి. చూడమన్లేదు కదండి.”

దీనికి ఎదురుమాట నాకు ఇప్పటిదాకా దొరకలేదు. బ్రష్‌ల జత 150 అట.

దారంతా ఆ 3,650 తేడానే కూడుకుంటూ వచ్చాను. సాయంత్రానికి కొంచెం చల్లబడ్డాను. బ్రష్‌లే వెయ్యాలన్నా డైనమో బయటికి తియ్యాల్సిందేగా. ఆ కన్నం, ఆ బోల్టు, ఆ దూడ వ్యవహారం తప్పేది కాదు. రింగు మీద గాడి కూడా పడిందని పెద్దాయన అన్నాడు, లేత్ మీద తిప్పించాలంటే రేపటిదాకా ఆగాలి. కాబట్టి నేను చేసింది తప్పేమీ కాదు. (గాడి గోటితో తడిమి చూశాను. అంత లోతేం లేదు.) బిగించేటప్పుడు బావ, “అసలు దీన్ని ఇక్కడ పెట్టినవాణ్ణి తన్నాలి” అంటే నాకే కోపం వచ్చింది. ముందువైపు చోటంతా ఏసీ కంప్రెసర్ తినేసింది, వాడు మాత్రం ఎక్కడ పెడతాడు పాపం అని ఇంజినీరు తరఫున వాదించాను. పొద్దున తిట్టింది నేనేనని బావ గుర్తు చెయ్యలేదు. మంచివాడే.

ఆరింటికి స్టార్ట్ చేస్తే 14.1. చంటిది చప్పట్లు కొట్టింది.

రాత్రి భోజనాల దగ్గర నాన్న అడిగారు. “ఏమైందట్రా దానికి?”

“వైండింగ్ కాలిపోయిందట నాన్నా.”

నోట్లోంచి అలా వచ్చేసింది. బావ నా వైపు చూసి, పప్పులో నెయ్యి వేసుకున్నాడు. నాన్న, “ఓహో. అయితే బ్రష్‌లు కాదన్నమాట” అన్నారు. మజ్జిగ పోసుకున్నారు. అంతే. ఇంకో మాట లేదు. ఆయనకి డెబ్బై నాలుగు. ఈమధ్య ఏది చెప్పినా, “నాకు సరిగ్గా తెలీదనుకో” అని చేరుస్తున్నారు. ఇవాళ పొద్దున బ్రష్‌ల గురించి చెప్పేటప్పుడు మాత్రం చేర్చలేదు.

ఆ ముక్కలు నా చొక్కా జేబులోనే ఉన్నాయి. చొక్కా బట్టల బుట్టలో పడేశాను. తెల్లారితే మా ఆవిడ జేబులు తడిమి, “ఏవండీ, ఇవేంటి?” అని అరుగు మీదే అడుగుతుంది. లేచి తీసెయ్యాలి. తీసి ఎక్కడ పెట్టాలో తెలీట్లేదు.