చిన్న ఎం, పెద్ద ఎం

నిన్న టెస్ట్ రిపోర్టు రాస్తుంటే "1.3 ఎంవీ" దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ అంకె అంటే నాకు పాత భయం.

ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక 400 కేవీ (కిలోవోల్టుల) ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇంపల్స్ టెస్ట్ చేశాం. పిడుగు పడ్డప్పుడు వచ్చేలాంటి వోల్టేజీని మనమే పుట్టించి వైండింగ్ (లోపలి తీగ చుట్ల) మీదకు వదలడం అన్నమాట. 1.2 మైక్రోసెకన్లలో పైకి లేచి, 50 మైక్రోసెకన్లకల్లా సగానికి పడిపోతుంది. ఆ రోజు పీక్ 1300 కిలోవోల్టులు, అంటే 1.3 మెగావోల్టులు. రిపోర్టులో నేను పెద్ద ఎం బదులు చిన్న ఎం రాశాను. పెద్ద ఎం మెగా, పది లక్షల వోల్టులు. చిన్న ఎం మిల్లీ, వోల్టులో వెయ్యో వంతు. తేడా నూరు కోట్ల రెట్లు! సీనియర్ ఆ ఒక్క అక్షరానికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఇది చదివినవాళ్లు మనం ఏం టెస్ట్ చేశామనుకోవాలమ్మా?" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నోటితో చెప్పేటప్పుడు ఇంకా కష్టం. ఎంవీ అంటే ఏ ఎమ్మో చెవికి తెలియదు. తెలుగులో రాసినా అంతే. అందుకే ఫోన్‌లో ఎప్పుడూ "మెగావోల్టు" అని పూర్తిగా పలుకుతాను.

మార్చడం తేలికే. కిలో నుంచి మెగాకి, మెగా నుంచి గిగాకి వెళ్లాలంటే ప్రతిసారీ వెయ్యితో భాగించాలి. చిక్కు మన లెక్కతోనే వస్తుంది. యూనిట్లు మూడేసి సున్నాలు దాటుతాయి, మనం వేలు దాటాక రెండేసి సున్నాలకో పేరు పెట్టుకున్నాం. అందుకని కొత్తగా చేరినవాళ్లకు నేను ఇలా చెబుతాను: కేవీని నూటితో భాగిస్తే లక్షలు. 400 కేవీ నాలుగు లక్షలు, 765 కేవీ 7.65 లక్షలు. మెగావోల్టు పది లక్షలు, గిగావోల్టు నూరు కోట్లు. ఇలా చెబితే అంకె ఎంత పెద్దదో వాళ్ల ముఖాల్లోనే కనిపిస్తుంది.

గిగావోల్టు మా పనిలో తగలదు. ఆకాశంలో తగిలింది. 2014 డిసెంబర్ 1న ఊటీ మీదుగా వెళ్లిన ఉరుముల మేఘంలో వోల్టేజీ దాదాపు 1.3 గిగావోల్టులని, అక్కడి గ్రేప్స్-3 ప్రయోగశాల వాళ్లు కాస్మిక్ కిరణాల వల్ల పుట్టి నేల మీదకు పడే మ్యూయాన్ కణాల సంఖ్య తగ్గడాన్ని బట్టి లెక్కగట్టారు. నూట ముప్పై కోట్ల వోల్టులు. మళ్లీ అదే 1.3! మా టెస్ట్ వోల్టేజీకి సరిగ్గా వెయ్యి రెట్లు. 2019లో ఆ సంగతి చదివినప్పుడు చాలాసేపు ఆ అంకెనే చూస్తూ ఉండిపోయాను.

నిన్నటి రిపోర్టులో మాత్రం ఎంవీ కొట్టేసి, 1300 కేవీ అని రాసి పంపించాను.