ట్రంకు రోడ్డు బొమ్మ

మన బడి పాత విద్యార్థులు కలిసే రోజుకి వేస్తున్న సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు రెండుసార్లు ఫోను చేశారు. బి సెక్షన్ అనగానే నాకు డ్రాయింగు మాస్టారి పీరియడే గుర్తొస్తుంది. గొడుగు సంగతి, వేపచెట్టు సంగతి అందరికీ తెలిసినవే. మన ఊరి ట్రంకు రోడ్డుని మాస్టారు మాచేత వేయించిన బొమ్మ గురించి రాస్తాను.

షీటు 15 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు. గాంధీబొమ్మ సెంటర్లో నిలబడి రోడ్డు పొడుగునా చూస్తున్నట్టు వెయ్యాలి. అందరం షాపులతో మొదలుపెట్టాం. మాస్టారు అన్నీ చెరిపించి, కిందినుంచి 4 అంగుళాల ఎత్తున అడ్డగీత ఒక్కటి గీయించారు. "ఇది నీ కంటి ఎత్తు, అబ్బయా. నువ్వెక్కడ నిలబడ్డావో ముందు చెప్పు" అన్నారు.

ఆ గీత మీద వానిషింగ్ పాయింటు, అంటే దూరంగా పోయే గీతలన్నీ కలిసే చుక్క. సరిగ్గా నడిమధ్య పెడితే బొమ్మ బిగుసుకుపోతుందని కాస్త ఎడమకి జరిపించారు. రోడ్డు అంచులు, అరుగులు దాని వైపు పైకి పోతాయి. బోర్డులు, డాబా పిట్టగోడలు కిందికి దిగుతాయి. గోడల నిలువు గీతలు మాత్రం నిలువుగానే ఉండాలి. మట్టమైన రోడ్డు మీద మనతో సమానమైన ఎత్తు మనుషులు దగ్గరున్నా దూరమున్నా తలలు ఆ అడ్డగీత మీదే, మారేది పాదాల చోటు. సగం క్లాసు దూరపు మనుషుల్ని కిందికి దించి మరుగుజ్జుల్ని చేసింది.

కరెంటు స్తంభాల దగ్గరే అందరం దెబ్బతిన్నాం. స్కేలుతో సమాన దూరాలు కొలిచి పెట్టేశాం. మాస్టారి పద్ధతి వేరు: మొదటి స్తంభం కొన, మధ్య, మొదలు మూడింటినీ వానిషింగ్ పాయింటుకి కలపాలి. రెండోది కంటికి నచ్చిన చోట పెట్టాలి. మొదటిదాని కొన నుంచి రెండోదాని నడుము మీదుగా గీత లాగితే, అది నేలగీతను (మొదలు నుంచి పాయింటుకి కలిపిన గీతను) తాకిన చోటే మూడోది. తీగలు స్కేలుతో గీస్తే చచ్చుగా ఉంటాయి, చేత్తో కాస్త వేలాడనివ్వాలి.

మూలమీది మేడ గోడలు రెండు వైపులకి పోతాయి కాబట్టి దానికి రెండు వానిషింగ్ పాయింట్లు కావాలి. రెండూ షీటులోనే ఇరికిస్తే మూల పడవ ముక్కులా పొడుచుకొస్తుంది. అందుకని షీటుని నేలమీద పరిచి, అడ్డగీతని రెండు పక్కలా కొనసాగించి, చెరో పక్కా గుండుసూది గుచ్చి దారం కట్టించారు. దారం లాగి పట్టుకుని 2హెచ్ పెన్సిలుతో లేతగా గీయాలి.

ఈ పద్ధతి పుట్టిన ఇటలీలోని ఫ్లారెన్సు కథ కూడా అప్పుడే విన్నాం. బ్రూనెల్లెస్కీ అనే అక్కడి శిల్పి తను వేసిన బొమ్మకి చిల్లి పెట్టి, వెనకనుంచి కన్ను ఆనించి ఎదురుగా పట్టిన అద్దంలో దాన్ని చూడమన్నాడు. ఆ తర్వాత 1435లో ఆల్బెర్టీ అనే పండితుడు ఆ గీతల లెక్కని పుస్తకంగా రాసిపెట్టాడు. చిల్లి ఎందుకంటే, కన్ను కదిలితే బొమ్మ అబద్ధమవుతుంది.

ఇప్పుడు నేను గీసిన ప్లాన్ల మీద ఒంగోలు నుంచి నాయుడుపేట దాకా ఇళ్లు లేచాయి. బొమ్మలు కంప్యూటరే వేస్తుంది, కంటి ఎత్తు మాత్రం నేనే చెప్తాను. ఆ షీటు జాగ్రత్తగా దాచాను, కలిసే రోజు తెస్తాను. ఎడమ పక్క మూడో స్తంభం ఎవరు సరిచేశారో మీకు తెలుసు.