పెళ్ళికి ముందు కాగితాల కాపురం

ఇద్దరం రెండు దేశాల్లో ఉంటూ పెళ్ళి అనుమతికి పత్రాలు కూడగట్టుకోవడం ఇప్పటికి ఒక కొలిక్కి వచ్చింది. మనసులు కలవడం దీనికంటే చాలా తేలిక.

అన్నిటికన్నా సతాయించింది అవివాహిత ధ్రువపత్రం. నాకు ఇంతవరకు పెళ్ళి కాలేదని అధికారులతో రాయించుకోవాలి. జరగని దానికి సాక్ష్యం తెమ్మనడం ఎంత విడ్డూరమో! పైగా దానికి గడువు, చాలా చోట్ల మూడు నుంచి ఆరు నెలలే. ముందే తెచ్చి దాచుకుంటే తీరా తేదీ వచ్చేసరికి చెల్లదు, ఆలస్యంగా మొదలుపెడితే చేతికందదు.

ఆ తర్వాత అపోస్టిల్, అంటే ఒక దేశపు పత్రాన్ని ఇంకో దేశం ఒప్పుకునేలా వేసే ధ్రువీకరణ ముద్ర. 1961 నాటి హేగ్ ఒప్పందం రెండు దేశాల మధ్య అమలులో ఉంటే ఈ ఒక్క ముద్ర చాలు, లేకపోతే రాయబార కార్యాలయం మెట్లెక్కాల్సిందే. అపోస్టిల్ పత్రం మీది సంతకం, ముద్ర అసలైనవని మాత్రమే చెబుతుంది, లోపల రాసింది నిజమని కాదు. అనువాదం దానికి ముందా, తర్వాతా అంటే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. చివరికి పత్రాలు తీసుకునే కార్యాలయాన్నే రాతపూర్వకంగా అడిగాం. ముద్ర వేయించాకే అనువాదమట, ముద్ర మీది అక్షరాలతో సహా. (ఆ జవాబును భద్రంగా దాచాను. రేపు కౌంటర్లో మనిషి మారితే?)

పాస్‌పోర్టులో, జనన ధ్రువపత్రంలో పేరు ఒక అక్షరం తేడా. దానికో అఫిడవిట్.

సంతకాల రోజున ఇద్దరం ఎదురుగా ఉండాల్సిందే, వీడియో కాల్ కుదరదన్నారు. అందుకని ఇప్పుడు ఆయన వీసా కాగితాలు మొదలయ్యాయి.