సీఎన్‌సీ రౌటర్ పనులు: గాంట్రీకి అల్యూమినియమా, ఇనుమా?

కంప్యూటరు నడిపే చెక్కుడు యంత్రం (సీఎన్‌సీ రౌటర్) కట్టుకుంటున్నాను. మొత్తానికి దాని గాంట్రీ, అంటే కోసే మోటారును మోస్తూ అటూ ఇటూ కదిలే అడ్డదూలం, ప్లేటు ఖాయమైంది. 15 మి.మీ. మందం, 6061-టీ6 (వేడిచేసి గట్టిపరిచిన రకం) అల్యూమినియం. కింది ఫ్రేము మాత్రం ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) ట్యూబుతో వెల్డింగే. విజయవాడ ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా "ఇనుమే వేయించండి, జన్మలో వంగదు" అన్నారు. అందుకే కొనేముందు స్వయంగా చూసుకున్నాను.

బలంలో అసలు పెద్ద తేడా లేదు. మామూలు ఎంఎస్ 250 మెగాపాస్కల్స్ దగ్గర శాశ్వతంగా వంగిపోతే, 6061-టీ6 దాదాపు 276 దాకా తట్టుకుంటుంది. తేడా అంతా బరువు మీద పడ్డప్పుడు ఎంత లొంగుతుందన్న దగ్గరే. ఆ లెక్కలో ఇనుము 200 గిగాపాస్కల్స్, అల్యూమినియం 69; అంకె పెద్దదైతే తక్కువ లొంగుతుంది.

25×6 మి.మీ. పట్టీలు రెండు తెచ్చి, ఒక్కోదాన్ని వైస్‌లో బిగించి 300 మి.మీ. బయటికి వదిలాను. కొసన కిలో బరువు వేలాడదీస్తే డయల్ గేజ్‌లో (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలసాధనం) ఇనుము 1 మి.మీ. దిగింది, అల్యూమినియం 2.9. లెక్క ప్రకారం 0.98, 2.84 రావాలి. వైస్ దవడలు కూడా కాస్త లొంగుతాయి కాబట్టి ఆ పాటి తేడా మామూలే. బరువు తీయగానే రెండు ముళ్లూ సున్నాకి వచ్చేశాయి.

ఇది చూసి ఇనుమే మేలనుకోవచ్చు. కానీ మందం రెట్టింపైతే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 600×150 ప్లేటు 10 మి.మీ. ఇనుములో 7 కిలోలు తూగుతుంది. అదే 15 మి.మీ. అల్యూమినియంలో 3.6 కిలోలే, పైగా 14 శాతం తక్కువ వంగుతుంది. అటూ ఇటూ పరిగెత్తే భాగానికి ఇంతకంటే ఏం కావాలి? మోటారు మీద సగం భారం తగ్గినట్టే.

కొట్లో అడిగేటప్పుడు హెచ్‌ఈ20 అన్నా ఇదే ఇస్తారు. టెస్ట్ సర్టిఫికెట్ చూపించమనండి, మెత్తటి రకాలు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటాయి. వెల్డింగ్ జోలికి పోవద్దు, ఆ వేడికి టీ6 బలం చాలావరకు పోతుంది. ఎం6 బోల్టుకి 5 మి.మీ. రంధ్రం, మర కోసే ట్యాప్‌కి కిరసనాయిలు, కనీసం 12 మి.మీ. లోతు మర.

నాకు టెన్షన్ పెట్టిన సంగతి మాత్రం మన ఎండ. వర్క్‌షాపు మేడ మీది రేకుల గది. జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలుంటే, మే మధ్యాహ్నం 40 దాటుతుంది. ఒక్కో డిగ్రీకి మీటరు అల్యూమినియం 23.6 మైక్రాన్లు సాగుతుంది, ప్లేటు మీద బిగించే ఉక్కు రైలు (స్పిండిల్, అంటే కోసే మోటారు, జారే పట్టా) 12 లోపే. అంటే 600 మి.మీ. రైలుకీ ప్లేటుకీ మధ్య 20 డిగ్రీల తేడాకి 0.14 మి.మీ. లాగుడు. రైలు గట్టిగా బిగించి ఉంటుంది కాబట్టి ప్లేటు విల్లులా వంగాలని చూస్తుంది. అందుకని గది 30 డిగ్రీలున్నప్పుడే రైలు బోల్టులు బిగిస్తాను, ఆ లాగుడు ఎండాకాలానికి సగం, చలికాలానికి సగం పంచుకుంటుంది. చెక్క పనికి అంత తేడా పర్వాలేదు.

ప్లేటు కోసి రాగానే రైలు బిగించి, స్పిండిల్ చోట 5 కిలోలు వేలాడదీసి మళ్లీ డయల్ గేజ్ పెడతాను. మొదట చెక్కేది కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి.