పది సెకన్ల షరతు

మా బృందంలో నలుగురం. ముగ్గురు ర్యాప్ చేస్తారు, బీట్లు కట్టేది నేను. అందరి నోటా నానిన పాత పాటలు ఏడింటిని తిరగగట్టి రీమిక్స్ రికార్డు చేద్దామని అనుకున్నప్పుడు, రెండు నెలల పని అని నేనే ధీమాగా చెప్పాను. పదకొండు నెలలు పట్టింది.

మొదటి తప్పూ నాదే. తెలిసిన పాట కదా అని పల్లవి మొత్తం ఉంచేసి, దాని కింద డ్రమ్స్ పెట్టాను. విన్నవాళ్లు హాయిగా పాత పాట పాడుకున్నారు. మావాళ్ల ర్యాప్ మధ్యలో వచ్చే ప్రకటనలా వినిపించింది.

దీనికి తోడు లయ తగాదా. ఆ రోజుల్లో డ్రమ్మర్ చేత్తో వాయించేవాడు, పాటతో పాటు అతనికీ ఉత్సాహం పెరిగేది. ఒక పాట నిమిషానికి 88 బీట్లతో మొదలై చివరి చరణానికి 91కి చేరింది. నా డ్రమ్స్ మాత్రం 90 దగ్గర కదలకుండా కూర్చున్నాయి. 16 బార్లు (బార్ అంటే నాలుగు బీట్ల ఆవర్తం) గడిచేసరికే ఒక బీటు తేడా! కంప్యూటర్‌లో ప్రతి బార్‌నూ లాగి బిగించాను. లెక్క కుదిరింది, పాటలో జీవం పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 శాంప్లర్, పాత రికార్డుల ముక్కలను పట్టి ఉంచుకుని మళ్లీ వాయించే యంత్రం. దాని జ్ఞాపకంలో పట్టేది దాదాపు 10 సెకన్ల ధ్వని. చోటు చాలక, నిమిషానికి 33 చుట్లు తిరిగే రికార్డును 45 వేగంతో తిప్పి ఎక్కించి, లోపల మళ్లీ నెమ్మది చేసేవారు. హిప్ హాప్ అనగానే చెవికి తట్టే ఆ గరుకుదనంలో కొంత ఇలా గతిలేక పుట్టిందే. నా కంప్యూటర్‌కు అలాంటి ఇబ్బంది లేదు కనుక నేనే షరతు పెట్టుకున్నాను: ఏ పాట నుంచైనా పది సెకన్లకు మించి తీసుకోకూడదు.

పది సెకన్లే అంటే ఏది ఉంచాలి? ఒక పాటలో గాయని పల్లవి ఎత్తుకునే ముందు ఊపిరి పీలుస్తుంది, వెంటనే బేస్ గిటార్ రెండు స్వరాలు. అంతే కత్తిరించి వినిపించాను. గొంతు రాకముందే మావాళ్లు పాట పేరు చెప్పేశారు.

ఇక అనుమతులు. రికార్డింగ్ హక్కు ఒకరిది, రాసి స్వరపరిచినవారి హక్కు వేరు. ఏడు పాటలకు తక్కువలో తక్కువ 14 సంతకాలు. అనుమతి లేకుండా పాత పాట ముక్క వాడిన అమెరికన్ ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తీర్పు ‘దొంగిలకూడదు’ అన్న బైబిలు ఆజ్ఞతోనే మొదలైంది. అది చదివాక అడగకుండా వాడే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

సరిగ్గా ఆ ఊపిరి పాటకే అడ్డుపడింది. స్వరకర్త తరఫువారు ఒప్పుకున్నారు, రికార్డింగ్ సొంతదారులు ఒప్పుకోలేదు. అంటే స్వరాలు మేమే వాయించుకోవచ్చు, పాత రికార్డు ముక్క మాత్రం వాడకూడదు. బేస్ ఒక్క పూటలో అయిపోయింది.

“అన్నా, ఊపిరికి కూడా హక్కులుంటాయా?” అంది మా ర్యాపర్లలో చిన్నది.

“ఆ రికార్డులో ఉన్న ఊపిరికి ఉంటాయమ్మా. నీ ఊపిరి నీదే” అన్నాను.

మైకు ముందు నిలబెట్టి ఇరవై ఆరుసార్లు పీల్పించాను. అన్నీ డాక్టరు పీల్చమంటే పీల్చినట్టే ఉన్నాయి. ఇరవై ఏడోసారికి ఆమెకు విసుగొచ్చి, నన్ను తిట్టడానికి గట్టిగా గాలి పీల్చింది. మా రికార్డులో ఉన్నది అదే. తిట్టు దగ్గర కత్తిరించాను.