ముప్పావు మార్కులు

మన పదో తరగతి వాళ్ల కలయికకు వేసే సంచిక కోసం కమిటీ తరఫున మన క్లాసు లీడరు ఫోను చేసి, "రెండు పేజీలు రాయి, మించితే కోసేస్తాను" అన్నాడు. బోర్డు మీద మాట్లాడినవాళ్ల పేర్లు రాసిన చెయ్యి అది, కోసినా కోస్తుంది. ఆహ్వానంలో నన్ను "లండన్ వాస్తవ్యులు" అని వేశారు. నేనుండేది లెస్టర్‌లో, లండన్‌కు దాదాపు వంద మైళ్ల దూరం. పోనివ్వండి, మన కందుకూరికే జిల్లా నిలకడగా లేదు. 1970కి ముందు నెల్లూరు, మనం చదివేటప్పుడు ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు.

ఆరు నుంచి తొమ్మిది వరకు నాకు పెద్దగా ఏమీ గుర్తులేదు. రేకుల గది, మాలకొండ శనివారాలు, సింగరాయకొండలో రైలు చూడబోయి తిన్న దెబ్బలు మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. సోషల్ సార్ గొడుగు సంగతి మాత్రం ఎవరూ రాయకండి, ఆయన సభకు వస్తున్నారట. నేను రాసేది లెక్కల నోటుపుస్తకం గురించే.

1991-92, పదో తరగతి. పబ్లిక్ పరీక్షలో లెక్కలకు రెండు పేపర్లు, చెరి యాభై మార్కులు. నోటుపుస్తకానికి అందులో ఒక్క మార్కూ లేదు. అయినా మనం ప్రాణం పెట్టింది ఆ పుస్తకం మీదే, మన ముప్పావు అయ్యవారి చలవ వల్ల. పాఠం అయిపోగానే ఇంటిపని, దానికి పది మార్కులు. జవాబు సరిపోయి, గీతలు స్కేలుతో గీసి, కొట్టివేతలు లేకుండా ఇస్తే ఏడున్నర! "ముప్పావు పని చేశావు. మిగతా పావు మీ నాయన వచ్చి చేస్తాడా?" ఆ పావు ఏమిటో చెప్పేవారు కాదు. ఫస్టు బెంచి వాళ్లకు ఏడున్నరలు వరుసగా పడుతుంటే చివరి బెంచి ఆనందం చూడాలి.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఆయన సంచిలో పురికొస ఉండలు వేసుకొని వచ్చారు. పొగాకు కట్టే పురికొస, వాసన కూడా అదే. జట్టుకొక ఉండ, ఒక్కొక్కటి నలభై మీటర్లు. "ఈ తాడుతో ఎవరు ఎక్కువ నేల చుడతారో చూద్దాం, గ్రౌండులోకి నడవండి." మా జట్టు దీర్ఘచతురస్రం కట్టింది. పొడవు 15, వెడల్పు 5, వైశాల్యం 75 చదరపు మీటర్లు. పక్క జట్టు సమబాహు త్రిభుజం వేసి, 77 వచ్చిందని ఎగిరింది. మనం బ్యారన్ అని పిలిచేవాడి జట్టు చతురస్రం వేసి నూరు తెచ్చింది. ఆడపిల్లలు ఏమీ మాట్లాడకుండా 40ని 7తో హెచ్చవేసి 44తో భాగించి వ్యాసార్ధం తేల్చుకున్నారు, మధ్యలో మేకు కొట్టి వృత్తం తిప్పారు. 127! డ్రిల్లు మాస్టారు వచ్చి "నా ఖోఖో కోర్టులో ఈ ముగ్గులేమిటి" అని అడిగేదాకా గోల తగ్గలేదు.

మరునాడు అందరం రాసి ఇచ్చాం. నేను రంగు పెన్సిళ్లతో నాలుగు బొమ్మలూ వేసి, కింద పట్టిక కూడా గీశాను. ఏడున్నర. బ్యారన్ పుస్తకంలో బొమ్మ వంకర, అక్షరాలు చీమల బారు. దీర్ఘచతురస్రాల్లో చతురస్రమే ఎందుకు గెలుస్తుందో మాత్రం రెండు వాక్యాల్లో రాశాడు. పొడవు పదికి x ఎక్కువైతే వెడల్పు పదికి x తక్కువవుతుంది, లబ్ధం నూరులోంచి x వర్గం పోగా మిగిలింది, x సున్నా అయితే తప్ప నూరు రాదు. పదికి పది. ఆ ఏడాది ఆయన చేతి పది నేను చూసింది అదొక్కటే. వాడు ఉదయం పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఆకు గుచ్చి బడికి వచ్చేవాడు, ఆ పేరు అందుకే. ఇంట్లో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఇంటరు, డిగ్రీ, బి.ఇడి. వదిలేస్తున్నాను. 2002లో లెక్కల టీచరుగా ఇంగ్లండు వచ్చాను. అప్పట్లో ఇక్కడి జీసీఎస్‌ఈలో, అంటే పదహారేళ్లకు రాసే పబ్లిక్ పరీక్షలో, లెక్కల మార్కుల్లో ఇరవై శాతం కోర్సువర్కువి. పిల్లలు చేసి రాసిస్తే బడిలో మేమే దిద్దాలి. ఒక పనికి 24 మార్కులు: ఏం చేయాలో నిర్ణయించుకున్న తీరుకు 8, రాసి చూపిన తీరుకు 8, తర్కానికి 8. నా ముందు పెట్టిన కట్టలో ప్రశ్న చూసి పక్కవాళ్లు తిరిగేంత గట్టిగా నవ్వాను. ఒక రైతు దగ్గర వెయ్యి మీటర్ల కంచె ఉంది, అతి ఎక్కువ నేల చుట్టాలంటే ఏ ఆకారం? చతురస్రానికి 62,500, షడ్భుజికి 72,169, వృత్తానికి 79,577 చదరపు మీటర్లు. అన్నీ కంప్యూటర్ గ్రాఫులతో తళతళలాడుతున్నాయి. ఇంతవరకే చేసినవాళ్ల మార్కులు నడిమిలో ఆగిపోయేవి. భుజాలు n అయితే వైశాల్యం ఎంతో సూత్రం కట్టి, n పెరిగేకొద్దీ అది వృత్తం వైపు ఎందుకు పోతుందో వాదించిన వాళ్లకే ఏడూ ఎనిమిదీ. తర్వాతి ఏడాది నా తరగతిని తాడు ఉండలతో మైదానంలోకి నడిపించాను. వాళ్ల మార్కులు సరిచూసిన బయటి మోడరేటర్ ఒక్కటీ మార్చలేదు. ఆ తర్వాత కొత్త టీచర్లకు దిద్దడం నేర్పే పని నాకు వచ్చింది, ఇప్పుడు విభాగం కూడా నా చేతిలోనే ఉంది. రాయమన్నారు కాబట్టి రాశాను. ఇంటర్నెట్‌లో దొరికినవీ తల్లిదండ్రులు చేసినవీ ఎక్కువై, ఆ కోర్సువర్కును 2007లో మొదలైన తరగతుల నుంచి లెక్కల్లో ఎత్తేశారు. మూడో బెంచి నుంచి పుస్తకాలు ఎలా చేతులు మారేవో మనకు తెలుసు కనుక నేను ఆశ్చర్యపోలేదు.

బ్యారన్ ఇప్పుడు స్థలాల వ్యాపారంలో ఉన్నాడు. పోయిన వేసవిలో నాకొక ప్లాటు చూపించాడు, 36 అడుగులకు 60. "ఇదే చుట్టుకొలతతో 48కి 48 వేసి ఉంటే 144 చదరపు అడుగులు కలిసొచ్చేవి కదరా, నువ్వే ఇలా కోయిస్తే ఎలా?" అన్నాను. వాడు కారు తాళం తిప్పుతూ, "ముఖం 48 పెడితే ఈ రోడ్డుకు నాలుగు ప్లాట్లు వచ్చే చోట మూడే వస్తాయి. నీకు ఇప్పటికీ ముప్పావేరా" అన్నాడు.