గొడ్డు చనిపోతే పూడ్చే ముందు చూసుకోవాల్సినవి

వరద తీసిన పూటే కళేబరాన్ని పూడ్చేస్తారు. వాసన, రోగాల భయం, తప్పదు మరి. కానీ పశువైద్యుడు చూడకముందే పూడిస్తే, విపత్తులో పోయిన గొడ్డుకి ప్రభుత్వం ఇచ్చే పరిహారం అక్కడే సగం పోయినట్టు.

ముందు ఊళ్లోని పశుసంవర్ధక సిబ్బందికి, రెవెన్యూ సిబ్బందికి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేలోగా ఫొటోలు తీయండి: తల, చెవిపోగు మీది 12 అంకెల నంబరు చదవగలిగేంత దగ్గరగా, పొదుగు, పడి ఉన్న చోటు, పక్కన యజమాని. పోగు లేకపోతే కొమ్ములు, మచ్చలు కనిపించాలి. శవపరీక్ష, పంచనామా అయ్యాకే గొయ్యి. ఆరడుగుల లోతు తీసి, సున్నం చల్లి పూడ్చండి. వరదలో కొట్టుకుపోయిన గొడ్డుకి కళేబరమే ఉండదు. అప్పుడు అక్కరకొచ్చేది పాత టీకాల నమోదు, పాలకేంద్రం పుస్తకం, ఇరుగుపొరుగు సాక్ష్యం.

డబ్బు సంగతి. ఇది రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి వస్తుంది. 2022-23 నుంచి 2025-26 వరకు దానికి కేంద్రం పెట్టిన లెక్క ఇది: ఆవు, గేదెకు 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రె, మేక, పందికి 4,000, కోడికి 100. కోళ్లకు ఇంటికి 10,000 దాటదు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు తెలుగు రాష్ట్రాలు రెండూ పాడి పశువుకు 50,000 ప్రకటించాయి. అది ఆ విపత్తుకే. ప్రతిసారీ అంతే వస్తుందని లెక్కేసుకోవద్దు.

గొల్లలకు అసలు దెబ్బ పరిమితి దగ్గర. అదే లెక్కలో ఇంటికి పెద్ద పాడి పశువులైతే 3, గొర్రెలు, మేకల్లాంటి జీవాలైతే 30 వరకే. 120 గొర్రెలు పోయినా చేతికొచ్చేది 1,20,000. మంద మీద బతికే ఇంటికి ఇదేం న్యాయమో! అన్నదమ్ముల జీవాలు ఒకే మందలో ఉంటే, ఎవరివి ఎన్నో పంచనామాలోనే విడివిడిగా రాయించాలి. తర్వాత విడదీస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. వలస మందైతే గొర్రెలు చనిపోయిన ఊళ్లోనే కాగితం పుట్టాలి, సొంతూరికి తిరిగొచ్చాక కాదు.

పిడుగు సంగతి వేరు. 2025-26 వరకు కేంద్రం విపత్తుల జాబితాలో అది లేదు. రాష్ట్రం స్థానిక విపత్తుగా గుర్తిస్తేనే డబ్బు, అదీ ఆ నిధిలో 10 శాతం లోపే ఖర్చు పెట్టాలన్నది అప్పటి నియమం. ఇప్పుడు పిడుగుకు సాయం ఇచ్చే ఉత్తర్వు ఉందో లేదో తహసీల్దారు కార్యాలయంలో అడగండి.

బర్డ్ ఫ్లూకి ఈ నిధి వర్తించదు, దానికి పశుసంవర్ధక శాఖ పథకం వేరే ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వైరస్ తేలినప్పుడూ నియమం అదే: అధికారులు చంపించిన కోళ్లకు, ధ్వంసం చేసిన గుడ్లకు, దాణాకే డబ్బు. అంతకుముందే చచ్చినవాటికి రాదు. నాలుగు రోజులు దాచిపెడితే ఆ నాలుగు రోజుల కోళ్లూ నష్టమే.

చివరికి పరిహారం జాబితాలో పేరున్నా డబ్బు పడకపోతే బ్యాంకుకు వెళ్లి ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉందో కనుక్కోండి. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో పడి ఉండొచ్చు.